డీజిల్ బండి నడిస్తేనే వేడెక్కుతుంది

చలికాలం వచ్చిందంటే డీజిల్ కార్లున్న ప్రతి కాలనీలో పొద్దున్నే ఒక తంతు మొదలవుతుంది. యజమానో డ్రైవరో వచ్చి సెల్ఫ్ కొడతాడు. ఇంజిన్ గరగరలాడుతూ అందుకుంటుంది. బండిని అలాగే ఆన్‌లో వదిలేసి మనిషి లోపలికి వెళ్లిపోతాడు. పది నిమిషాలకో పావుగంటకో తిరిగొచ్చి గేరు వేస్తాడు. ఎందుకలా అంటే ఇంజిన్ వేడెక్కాలి, ఆయిల్ పైకెక్కాలి, లేకపోతే బండి పాడైపోతుందని జవాబు వస్తుంది. బద్ధకంతో చేసే పని కాదిది. బండి మీద మమకారంతో, పోసిన లక్షల మీద భయంతో చేసేది. అందుకే దీన్ని మాన్పించడం కష్టం. అయినా చెప్పక తప్పదు. మన చలిలో, ఇవాళ్టి డీజిల్ కారును నిలబెట్టి వేడిచేయడం వల్ల ఒరిగేది లేకపోగా ఇంజిన్‌కు చేటు జరుగుతోంది. పెట్రోలు బండికన్నా డీజిల్ బండికి ఈ చేటు ఎక్కువ. స్టార్ట్ చేశాక అర నిమిషం ఆగి, నెమ్మదిగా బయల్దేరి, నడుపుతూనే వేడెక్కనివ్వడం సరైన పద్ధతి. కారణం డీజిల్ ఇంజిన్ పనిచేసే తీరులోనే ఉంది.

ముందుగా ఒక చిక్కు విప్పుకోవాలి. చలికి డీజిల్ ఇంజిన్ మొండికేయడం నిజమే. రుడాల్ఫ్ డీజిల్ 1892లో పేటెంటుకు దరఖాస్తు చేసి 1897 నాటికి నడిపి చూపించిన ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు లేదు. గాలిని సిలిండర్‌లో గట్టిగా అదిమితే అది కాగుతుంది, ఆ కాగిన గాలిలోకి చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. ఈనాటి కార్లలోనూ అదే సూత్రం. గాలిని దాదాపు పదిహేను, పదహారు రెట్లు కుదిస్తే అది ఐదు వందల డిగ్రీలు దాటుతుంది. రాత్రంతా చలిలో నిలిచిన ఇంజిన్‌లో ఆ వేడిని చల్లటి లోహపు గోడలు లాగేసుకుంటాయి. పైగా చలికి బ్యాటరీ బలం తగ్గి ఇంజిన్ నిదానంగా తిరుగుతుంది. ఈ రెండూ కలిస్తే బండి అందుకోదు. దానికోసమే హీటర్ ప్లగ్గులు పెట్టారు. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద స్ప్రింగు ఆకారంలో వెలిగే పసుపు దీపం వాటిదే. ఆ దీపం ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టాలి. అంటే చలితో అసలు పోరు స్టార్ట్ అయ్యేదాకానే. ఒకసారి అందుకున్నాక కంప్యూటరు డీజిల్‌ను ఎప్పుడు, ఎంత చిమ్మాలో సర్దుకుంటుంది. చాలా బండ్లలో హీటర్ ప్లగ్గులు కూడా ఇంకొంతసేపు వెలుగుతూనే ఉంటాయి. స్టార్ట్ చేయడంలో ఉన్న కష్టాన్ని చూసి, స్టార్ట్ అయ్యాక కూడా ఇంజిన్‌ను కదపకూడదని అనుకోవడం దగ్గరే మన పొరపాటు మొదలైంది.

నిలబెట్టిన డీజిల్ ఇంజిన్ ఎందుకు వేడెక్కదో చూద్దాం. పెట్రోలు ఇంజిన్ తక్కువ పని చేసేటప్పుడు లోపలికి వచ్చే గాలిని కూడా తగ్గించుకుంటుంది. డీజిల్ ఇంజిన్ అలా చేయదు. గాలిని ఎప్పుడూ నిండుగా పీలుస్తుంది, పనినిబట్టి డీజిల్‌ను మాత్రమే పెంచుతుంది, తగ్గిస్తుంది. ఒక గ్రాము డీజిల్ పూర్తిగా కాలడానికి పద్నాలుగున్నర గ్రాముల గాలి చాలు. ఐడ్లింగ్‌లో (అంటే బండి నిలబడి ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు) పీల్చేది దానికి ఎన్నో రెట్లు. చిటికెడు మంట, గంపెడు చల్లగాలి అన్నమాట. ఆ గాలి వచ్చిన కాస్త వేడిని కూడా మోసుకుని సైలెన్సర్ గుండా వెళ్లిపోతుంది. లెక్క వేస్తే ఇంకా తేటగా కనిపిస్తుంది. మధ్యరకం డీజిల్ కారు నిలబడి తిరుగుతుంటే గంటకు సుమారు అర లీటరు, కాస్త పైన తాగుతుంది. లీటరు డీజిల్‌లో ఉండే శక్తి దాదాపు పది యూనిట్ల కరెంటుకు సమానం. కాబట్టి గంటకు ఐదారు యూనిట్లు. అందులో సైలెన్సర్ గుండా పోయేది, రాపిడికి పోయేది తీసేస్తే ఇంజిన్ చుట్టూ తిరిగే నీటికి దక్కేది మూడో వంతు అనుకుందాం. అంటే బాత్రూంలో ఉండే రెండు కిలోవాట్ల గీజరు పాటి వేడి. దానితో వంద కిలోలు దాటిన ఇనుము, అల్యూమినియం ముద్దను, దానిలోని నీటిని, నాలుగైదు లీటర్ల ఆయిల్‌ను చలిగాలిలో కాచాలి. అదే కారు యాభై కిలోమీటర్ల వేగంతో, లీటరుకు పద్దెనిమిది కిలోమీటర్లిస్తూ వెళ్తుంటే గంటకు రెండున్నర లీటర్లకు పైగా కాలుస్తుంది. పొయ్యి కింద మంట నాలుగైదు రెట్లు పెరిగినట్టే. పావుగంట నిలబెట్టినా కదలని టెంపరేచర్ ముల్లు కొద్ది కిలోమీటర్ల ప్రయాణంలో కదలడానికి కారణం ఇదే.

ఆ ముల్లు చూపించేది నీటి వేడిని మాత్రమే. ఆయిల్ దానికన్నా వెనకబడి వేడెక్కుతుంది. గేర్‌బాక్సులో ఆయిల్, చక్రాల బేరింగుల్లో గ్రీజు, షాక్ అబ్జార్బర్లు, టైర్లు ఎంతసేపు ఐడ్లింగ్‌లో ఉంచినా దాదాపు మొదట ఉన్నంత చల్లగానే ఉంటాయి. చక్రం తిరిగితేనే అవి వేడెక్కుతాయి. ఇరవై నిమిషాలు కాచిన బండి కూడా గేటు దాటేసరికి సగం చల్లటి బండే. కాబట్టి మొదటి కొద్ది కిలోమీటర్లు ఎలాగూ నెమ్మదిగానే వెళ్లాలి. ఎలాగూ వెళ్లాల్సినప్పుడు ఆ వెళ్లడమేదో ముందే మొదలుపెడితే పోయేదేముంది?

ఆయిల్ గడ్డకట్టుకుపోయి ఉంటుంది, పైకెక్కడానికి సమయం ఇవ్వాలి అన్నది అందరూ చెప్పే మాట. డబ్బా మీద ఉండే అంకెలే దీనికి జవాబు చెబుతాయి. 20డబ్ల్యూ40, 15డబ్ల్యూ40, 5డబ్ల్యూ30 అని రాసి ఉంటుంది కదా, అందులో డబ్ల్యూకు ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత పారుతుందో చెప్పేది. ఎస్ఏఈ జె300 ప్రమాణం ప్రకారం 20డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 20 డిగ్రీల దగ్గర కూడా పంపు లాగగలగాలి. 15డబ్ల్యూ అయితే మైనస్ 25, 5డబ్ల్యూ అయితే మైనస్ 35. మన చలి ఎంత? హైదరాబాద్‌లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరి నాటి 6.1 డిగ్రీలు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు గట్టి చలిలో ఐదారు డిగ్రీలకు పడిపోతుంది. లంబసింగి, చింతపల్లి కొండల మీద కొన్నేళ్లు సున్నా దరిదాపులకు వస్తుంది. ఆ సున్నాలో కూడా వీటిలో అన్నిటికన్నా చిక్కటి 20డబ్ల్యూ ఆయిల్ తన హద్దుకు ఇరవై డిగ్రీల ఎగువన ఉంది. స్టార్ట్ అయిన కొద్ది సెకన్లలో ఎర్రటి ఆయిల్ దీపం ఆరిపోతుంది. బేరింగులకు, టర్బోకు ఆయిల్ అందడానికి ఇంకొన్ని సెకన్లు కలుపుకున్నా అర నిమిషం దాటదు. విజయవాడలోనో రాజమండ్రిలోనో పదహారు డిగ్రీల పొద్దున స్వెట్టరు వేసుకున్నది మనిషి. ఆయిల్‌కు అది చలే కాదు.

ఇక చేటు సంగతి. చల్లటి సిలిండర్‌లోకి చిమ్మిన డీజిల్ పూర్తిగా కాలదు. కొంత తెల్ల పొగగా బయటికి పోతుంది. కొంత సిలిండర్ గోడల మీద పడి, పిస్టన్ రాపిడిని ఆపే పలచటి ఆయిల్ పొరను కడిగేసి, రింగుల పక్క నుంచి ఆయిల్ చాంబర్‌లోకి జారుతుంది. కాలక్రమంలో ఆయిల్ పలచబడుతుంది. అదీగాక రింగులు గోడకు గట్టిగా అతుక్కోవాలంటే వాటి వెనక మంట ఒత్తిడి ఉండాలి. బరువు లాగని ఇంజిన్‌లో ఆ ఒత్తిడి చాలదు. అపార్టుమెంట్లలో జనరేటర్లు చూసే మెకానిక్‌లకు ఈ సంగతి బాగా తెలుసు. లోడు లేకుండా గంటల తరబడి నడిపిన డీజిల్ జనరేటరు సైలెన్సర్ నుంచి నల్లటి జిడ్డు కారుతుంది. కాలని డీజిల్, మసి, ఆయిల్ కలిసిన జిడ్డు అది. కారులో అదే జిడ్డు, పొగలో కొంత మళ్లీ ఇంజిన్ లోపలికి పంపే ఈజీఆర్ వాల్వులో, గాలి వెళ్లే గొట్టాల్లో పేరుకుని కొన్నేళ్లకు బండి పికప్ తగ్గించి, మెకానిక్ చేత వేల రూపాయల బిల్లు వేయిస్తుంది. ఇంజిన్ ఎక్కువగా అరిగేది చల్లగా ఉన్నప్పుడే అని నిలబెట్టి వేడిచేసేవారూ అంటారు, నేనూ అంటాను. అక్కడిదాకా ఇద్దరిదీ ఒకే మాట. అయితే చల్లగా ఉండే కాలాన్ని వీలైనంత తగ్గించాలని కదా దాని అర్థం! ఐడ్లింగ్ ఆ కాలాన్ని సాగదీస్తుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు వచ్చాక ఈ లెక్క ఇంకా మారింది. ఇప్పుడొచ్చే డీజిల్ కార్లలో సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. పొగలోని మసిని అది పట్టి నిలుపుతుంది. నిండిపోయినప్పుడు ఆ మసిని సుమారు ఆరు వందల డిగ్రీల దగ్గర కాల్చి బూడిద చేసుకుంటుంది. ఇంజిన్ కొంతసేపు హైవే మీద పరుగెత్తితే ఈ పని సాఫీగా జరిగిపోతుంది. ఐడ్లింగ్‌లో ఉన్న బండి పొగకు ఆ వేడి రాదు, వచ్చేది మసి మాత్రమే. రోజూ పొద్దున పదిహేను నిమిషాలు నిలబెట్టి, ఆపైన మూడు కిలోమీటర్లు ఆఫీసుకు వెళ్లి ఆపేసే బండిలో మసి చేరుతూనే ఉంటుంది, కాలే అవకాశం రాదు. ఫిల్టరులోని మసిని కాల్చడానికి కంప్యూటరు ఆలస్యంగా అదనపు డీజిల్ చిమ్ముతుంది. ఈలోపు మనం బండి ఆపేస్తాం. ఆ డీజిల్‌లో కొంత మళ్లీ ఆయిల్‌లోనే కలుస్తుంది. అందుకే కొందరి బండ్లలో డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. తర్వాత దీపం వెలుగుతుంది, బండి బలం తగ్గించుకుంటుంది, సర్వీస్ సెంటరుకు తీసుకెళ్లక తప్పదు. పెద్ద బండ్లలో యూరియా ద్రావణం వాడి విషవాయువును తగ్గించే ఏర్పాటు కూడా ఉంది. అది కూడా పొగ దాదాపు రెండు వందల డిగ్రీలు దాటాకే పనిచేస్తుంది. పొద్దున్నే ఇంటిముందు తిరిగే ఇంజిన్ నుంచి వచ్చేది శుద్ధికాని పొగే.

మరి ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చింది? ఊరికే రాలేదు. పాతకాలం జీపులు, డీజిల్ అంబాసిడర్లు, వ్యాన్లలో డీజిల్ నేరుగా సిలిండర్‌లోకి కాక పక్కనున్న చిన్న గదిలోకి పడేది. ఆ గది గోడలు చల్లగా ఉన్నంతసేపూ ఇంజిన్ తిక్కతిక్కగా తిరిగేది. పంపు, నాజిళ్లు అన్నీ యంత్రబలంతో పనిచేసేవి కాబట్టి చలికి తగ్గట్టు సర్దుకునే తెలివి వాటికి తక్కువ. అప్పట్లో వాడిన ఒకే గ్రేడు నలభై నంబరు ఆయిల్ చలికి నిజంగానే జిగురుగా మారేది. అలాంటి బండిని స్టార్ట్ చేసి వెంటనే గేరు వేస్తే ఆగిపోయేది. ఆ రోజుల్లో డ్రైవర్లు నాలుగైదు నిమిషాలు ఆగారంటే వారికి తెలిసిన బండికి అది తగిన వైద్యమే. 1997లో ఆల్ఫా రోమియో 156తో కార్లలోకి కామన్ రైల్ పద్ధతి వచ్చింది. మన దగ్గర ఆ తర్వాతి ఏళ్లలో స్విఫ్ట్ నుంచి ఇన్నోవా దాకా డీజిల్ కార్లన్నీ ఆ దారికి మళ్లాయి. వెయ్యిన్నర బార్లు దాటే ఒత్తిడితో పొగమంచులా చిమ్మే ఇంజిన్, అసలు మోతాదుకు ముందు చిటికెడు డీజిల్ చిమ్మి మంటను సిద్ధం చేసుకునే ఇంజిన్ వచ్చాయి. బండి మారింది, ఆయిల్ మారింది, కింద ఫిల్టరు వచ్చి చేరింది. తండ్రి జీపుకు చేసిన సేవనే కొడుకు బీఎస్-6 కారుకూ చేస్తున్నాడు.

దీనికి అనుభవజ్ఞుల నుంచి వచ్చే అభ్యంతరం బలమైనది. ముప్పై ఏళ్లుగా ఇలాగే చేస్తున్నాం, మా ఇంజిన్ విప్పకుండా నాలుగు లక్షల కిలోమీటర్లు తిరిగింది కదా అంటారు. నిజమే తిరిగి ఉంటుంది. కానీ అన్ని కిలోమీటర్లు తిరిగే బండ్లు ఏవి? ట్యాక్సీలు, ఊళ్ల మధ్య తిరిగే ప్రయాణికుల బండ్లు. వాటికి రోజుకు ఒక్కసారే చలి స్టార్టు, ఆపైన రోజంతా వేడి ఇంజినే. పొద్దున పది నిమిషాలు నిలబెట్టిన నష్టం రెండు వందల కిలోమీటర్ల పరుగులో కరిగిపోతుంది. ఆయిల్‌లో కలిసిన డీజిల్ ఆవిరైపోతుంది, మసి కాలిపోతుంది. ఆ ఇంజిన్ ఆయుష్షు పొద్దుటి పది నిమిషాల పుణ్యం కాదు, రోజంతా నడిచిన ఫలితం. అదే పని పాలప్యాకెట్టుకు, బడికి, గుడికి తప్ప బయటికి తీయని కారుకు చేస్తే ఆ కరిగించే పరుగే ఉండదు.

అసలైన చలిదేశాల వాళ్లు నిలబెట్టి వేడిచేయరా అన్నది ఇంకో ప్రశ్న. ఫిన్లాండ్ సంగతి చూడండి. అక్కడ బండిని ఊరికే ఆన్‌లో ఉంచడానికి చట్టం ఇచ్చే గడువు రెండు నిమిషాలు. మైనస్ 15 డిగ్రీలకన్నా కిందికి పోతే నాలుగు నిమిషాలు. మైనస్ 15కు నాలుగు నిమిషాలు చాలని వాళ్లు అనుకుంటుంటే, ప్లస్ 15కు పావుగంట కావాలని మనం అనుకుంటున్నాం. వాళ్లకు ఇంజిన్ వేడి అక్కర్లేదని కాదు. దాన్ని తిప్పకుండానే వేడిచేసే మార్గాలు చూసుకున్నారు. పార్కింగు స్థలాల్లో కరెంటు స్తంభాలుంటాయి, రాత్రి కారును వాటికి తగిలిస్తే ఇంజిన్‌లో అమర్చిన చిన్న హీటరు నీటిని కాస్తుంది. ట్యాంకులోని డీజిల్‌నే కొద్దికొద్దిగా కాలుస్తూ ఇంజిన్‌ను, కారు లోపలిని వెచ్చగా ఉంచే హీటర్లు కూడా ఉన్నాయి. జర్మనీలో బండిని అనవసరంగా తిప్పుతూ నిలబెడితే 80 యూరోల జరిమానా. మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్న న్యూజెర్సీలో కొన్ని మినహాయింపులు పోను మూడు నిమిషాలే హద్దు. పక్కనే ఉన్న న్యూయార్క్ నగరంలోనూ అంతే, బడి పక్కనైతే ఒక్క నిమిషం. లారీనో బస్సునో అంతకుమించి ఆన్‌లో ఉంచితే వీడియో తీసి ఫిర్యాదు చేసిన పౌరుడికి జరిమానాలో నాలుగో వంతు ముడుతుంది. అమెరికాలో డీజిల్ కార్లు తక్కువే, మన వాళ్లు ఇంట్లో కూర్చుని ఫోన్‌లో మీట నొక్కి స్టార్ట్ చేసేవి ఎక్కువగా పెట్రోలువే. సౌకర్యం కోసం చేసే ఆ పనిని చూసి ఇంజిన్‌కు అవసరమని ఇక్కడివారు భ్రమపడకూడదు.

మన దేశంలో అసలైన డీజిల్ చలి లద్దాఖ్‌లో ఉంది. అక్కడ కష్టం ఇంజిన్‌ది కాదు, ఇంధనానిది. డీజిల్‌లో మైనం ఉంటుంది. చలి పెరిగేకొద్దీ అది పలుకులు కట్టి ఫిల్టరుకు అడ్డంపడుతుంది. మన ఐఎస్ 1460 ప్రమాణం ప్రకారం మామూలు డీజిల్ ఫిల్టరుకు అడ్డుపడే ఉష్ణోగ్రత చలికాలంలో 6 డిగ్రీలు, వేసవిలో 18 డిగ్రీలు మించకూడదు. ద్రాస్, కార్గిల్ చలికి ఇది ఏమూలకూ చాలదు. ట్యాంకు కింద నిప్పు పెట్టి డీజిల్ కరిగించడం కొండదారుల డ్రైవర్లకు కొత్త కాదు. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ పానిపట్ రిఫైనరీలో తయారుచేసిన, మైనస్ 33 డిగ్రీల దాకా పారే ప్రత్యేక డీజిల్‌ను అక్కడ ప్రవేశపెట్టింది. ఆపితే మళ్లీ అందుకోదేమో అనే భయంతో మైనస్ 25లో ఇంజిన్ ఆపని డ్రైవరును నేను తప్పుపట్టను, అది ప్రాణాలకు సంబంధించిన విషయం. ఆ నియమాన్ని ఎల్.బి.నగర్‌కో ఎంవీపీ కాలనీకో దించుకోవడం మాత్రం అర్థం లేనిది. మన ఏజెన్సీలో సున్నాకు దగ్గరైన పొద్దున బండి అందుకోకపోతే చూడాల్సింది బ్యాటరీని, హీటర్ ప్లగ్గులను, నీరు చేరిన డీజిల్ ఫిల్టరును. అవి బాగుంటే పావుగంట కాపు అక్కర్లేదు. అవి బాగోకపోతే స్టార్ట్ అయ్యాక ఎంతసేపు కాచినా రేపటి పొద్దుకు ఫలితం శూన్యం.

అద్దం మీద ఆవిరి పడితే ఆగవద్దా అంటారు. తప్పకుండా ఆగాలి. ముందు దారి కనిపించకుండా బండి కదిలించకూడదు, దీనిలో వాదన లేదు. కాకపోతే ఆవిరి తీయడానికి ఇంజిన్ వేడెక్కేదాకా చూడనక్కర్లేదు. ఏసీ వేసి గాలిని అద్దం మీదికి తిప్పితే లోపలి తేమను ఏసీయే లాగేస్తుంది, నిమిషమో రెండు నిమిషాలో పడుతుంది. అది మనిషి కళ్ల కోసం చేసే ఆలస్యం, అందులో తప్పులేదు.

ఇప్పటిదాకా బండి వైపు నుంచే మాట్లాడాను. పక్కన నిలబడిన మనుషుల వైపు నుంచి చూస్తే విషయం ఇంకా ముదురుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిల్ పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలో చేర్చింది. చలికాలపు పొద్దున నేలకు దగ్గరగా చల్లగాలి, దాని పైన వెచ్చటి పొర మూతలా ఉంటుంది కాబట్టి పొగ పైకి లేవదు, ఇళ్ల మధ్యే తిరుగుతుంది. మన నగరాల్లో అపార్టుమెంటు కార్లు సెల్లార్‌లో ఉంటాయి. చాలాచోట్ల వాచ్‌మన్ కుటుంబం కాపురం ఉండే గది కూడా ఆ సెల్లార్‌లోనే ఉంటుంది. పైన ఐదో అంతస్తులో ఉన్న యజమాని తన ఇంజిన్‌ను కాపాడుకుంటున్న ఆ పావుగంటలో కింద సైలెన్సర్‌కు పది అడుగుల దూరంలో పిల్లలు నిద్రలేస్తుంటారు. ఒక్క కారు పొగ ఎంతని అడగవచ్చు. గాలాడని సెల్లార్‌లో ఒక్క కారు చాలు, ఏడున్నరకు నాలుగైదు కార్లు ఒకేసారి తిరుగుతుంటే చెప్పేదేముంది. నివాసుల సంఘాలు మెయింటెనెన్సు బకాయిల మీద పెట్టే శ్రద్ధలో పదోవంతు దీనిమీద పెట్టినా నోటీసు బోర్డు మీద ఒక వాక్యం పడేది. ఇక రోడ్డు మీద నిలిపిన బండి విషయంలో కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 126వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో బండిని నిలిపినప్పుడు లైసెన్సు ఉన్న మనిషి డ్రైవరు సీట్లో ఉండాలి, లేదా యంత్రం ఆపి, బ్రేకు వేసి, అది తనంతట కదలకుండా చూడాలి. స్టార్ట్ చేసి సీటు వదిలి లోపలికి వెళ్లడం ఇంధనం సంగతి అటుంచి, రోడ్డు భద్రత లెక్కలోనే తప్పు.

లారీలు, బస్సుల వాదన వేరు. వాటి బ్రేకులు గాలితో పనిచేస్తాయి. రాత్రి దిగిపోయిన గాలి మళ్లీ ట్యాంకుల్లో నిండాకే బండి కదలాలి, దానికి ఇంజిన్ తిరగాలి. డిపోలో బస్సు కొద్ది నిమిషాలు ఆన్‌లో ఉందంటే అది ప్రయాణికుల క్షేమం. గాలి ముల్లు నిండాక కూడా అరగంట తిప్పితే దాన్ని క్షేమం అనలేం. ఈ తేడా డ్రైవర్లకు తెలియనిది కాదు.

నిలబెట్టి వేడిచేయవద్దంటే స్టార్ట్ చేసి దూకించమని కాదు. చల్లటి ఇంజిన్‌ను రేస్ చేయడం, తొలి కిలోమీటరులోనే యాక్సిలరేటర్ అడుక్కి తొక్కడం ఐడ్లింగ్ కన్నా పెద్ద తప్పు. దూకించడం, నిలబెట్టడం, ఈ రెండింట్లో ఒకటే ఎంచుకోమంటే నేను కూడా పది నిమిషాలు నిలబెట్టడానికే ఓటేస్తాను. అదృష్టవశాత్తు మూడో దారి ఉంది. హీటర్ దీపం ఆరనిచ్చి, స్టార్ట్ చేసి, సీటు బెల్టు పెట్టుకుని అద్దాలు సర్దుకునేంతసేపు ఆగి బయల్దేరడం. ముల్లు మధ్యకు వచ్చేదాకా ఇంజిన్ తిరుగుడును రెండు వేలు, రెండున్నర వేల లోపు ఉంచడం, గేర్లు తొందరగా మార్చుకోవడం, పెద్ద బరువు లాగించకపోవడం. ఇంటి గేటు దాటగానే హైవే ఎక్కేవారు సర్వీస్ రోడ్డులో ఒకటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా సాగితే చాలు.

చివరగా ఒక చిక్కు మిగులుతుంది. నా ప్రయాణమే రెండు కిలోమీటర్లు, నడుపుతూ వేడెక్కించమంటే గమ్యం వచ్చేసరికి కూడా ఇంజిన్ చల్లగానే ఉంటుంది, నన్నేం చేయమంటారు అని అడిగేవారు ఉంటారు. వారి ప్రశ్న న్యాయమైనది. ముందు కాచి బయల్దేరినా, కాచకుండా బయల్దేరినా వారి డీపీఎఫ్ నిండేదే. వారానికి ఒకసారైనా హైవే మీద అరగంట ఆగకుండా నడిపితే ఆ బండి కొంత కోలుకుంటుంది. దానికీ వీలులేని వారికి షోరూమ్‌లో డీజిల్ కారు అమ్మినవారు రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారని ఒక్క మాట అడగాల్సింది. మైలేజీ లెక్క చూసి, లీటరు ధరలో తేడా చూసి డీజిల్ కొన్న ఆ కుటుంబానికి పెట్రోలు, సీఎన్‌జీ, కరెంటు కార్లలో ఏదైనా ఇంతకన్నా నయం. అది అమ్మి ఇంకోటి కొనేదాకా, ఆ రెండు కిలోమీటర్ల ప్రయాణాల్లో కొన్నింటికి స్కూటరు వాడుకోవచ్చు.